భద్రమైన అభ్యంగనం తీసుకోబోతున్నావా? ముందు నీ వెనక ఎవరు నిలబడతారో చూసుకో

విజయవాడ గుణదలలోని మా కతోలిక పిల్లలు దీన్ని కన్ఫర్మేషన్ అంటారు. సర్టిఫికెట్ మీద భద్రమైన అభ్యంగనం అని ఉంటుంది. మా అమ్మమ్మ అయితే "బిషప్పుగారు నుదుట నూనె ముద్ర వేసే పూజ" అనేది. మూడూ ఒకటే. పద్నాలుగేళ్ళుగా ఆదివారం రెండో పూజ అయ్యాక మా విచారణలో (పారిష్‌లో) పిల్లలకు సత్యోపదేశం, అంటే విశ్వాస పాఠాలు, చెబుతున్నాను. మిగతా ఆరు రోజులూ కుట్టుమిషను ముందు ఉంటాను. ప్రతి ఏడూ పిల్లలకు నోటితో చెప్పే మాటల్ని ఈసారి రాసి పెడుతున్నాను. హాస్టళ్ళలో ఉండి నెలకో ఆదివారం కనిపించే పిల్లలు ఎక్కువయ్యారు, వాళ్ళ అమ్మలు "ఏమేం చేయాలక్కా" అని రోజూ ఫోన్ చేస్తున్నారు. ఇది ఆ పిల్లల కోసం, కాబట్టి నువ్వు అనే రాస్తాను.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకో. నువ్వు చంటిపిల్లగా ఉన్నప్పుడు జ్ఞానస్నానం ఇచ్చారు. సైతానును విడనాడుతున్నావా, సర్వశక్తిగల తండ్రిని విశ్వసిస్తున్నావా అని గురువులు, అంటే ఫాదర్‌గారు, అడిగితే మీ అమ్మానాన్నా, ఆ రోజు నిన్ను ఎత్తుకున్న నీ జ్ఞానతల్లీ జ్ఞానతండ్రీ జవాబు చెప్పారు. నువ్వేమో గుక్కపెట్టి ఏడుస్తున్నావు, లేకపోతే నిద్రపోతున్నావు. ఇప్పుడు అవే ప్రశ్నలు బిషప్‌గారు నిన్నే అడుగుతారు. ఈసారి నీ నోటితో నువ్వే చెప్పాలి. కింద రాసిన పనులన్నీ ఆ ఒక్క జవాబు కోసమే.

కాగితం పని

జూన్‌లో బడులు తెరిచాక పేర్లు రాసుకుంటాం. అప్పుడు ఫాదర్‌గారు మొదట అడిగేది జ్ఞానస్నాన పత్రం. ఇదే విచారణలో జ్ఞానస్నానం అయి ఉంటే ఆఫీసులో పుస్తకం తీసి చూసుకుంటారు, నీకు పనేమీ లేదు. కానీ మనలో చాలామందికి జ్ఞానస్నానం అమ్మమ్మగారి ఊళ్ళో అయి ఉంటుంది. కాన్పుకు అమ్మ పుట్టింటికి వెళుతుంది, బిడ్డను ఆ ఊరి గుడికే ఎత్తుకెళతారు. అది ఫిరంగిపురం కావచ్చు, రెంటచింతల కావచ్చు. కృష్ణ దాటితే మేత్రాసనమే, అంటే బిషప్‌గారి పరిధే, మారుతుంది. ఇటు 1937లో ఏర్పడిన విజయవాడ మేత్రాసనం, అటు 1940లో ఏర్పడిన గుంటూరు మేత్రాసనం. మేత్రాసనం వేరైనందువల్ల ఇబ్బందేమీ లేదు, పత్రం మాత్రం ఆ ఊరి విచారణ నుంచే తెచ్చుకోవాలి.

వెళ్ళే ముందు ఒక కాగితం మీద నీ పుట్టిన తేదీ, జ్ఞానస్నానం ఇంచుమించు ఏ నెలలో అయిందో, అమ్మానాన్నల జ్ఞానస్నానపు పేర్లు, జ్ఞానతల్లి పేరు రాసుకో. ఆధార్ కార్డులో ఉన్న పేర్లు ఆ పుస్తకంలో ఉండకపోవచ్చు. మన పెద్దవాళ్ళలో రాయప్ప అంటే పేతురు, చిన్నప్ప అంటే పౌలు, శౌరి అంటే ఫ్రాన్సిస్ జేవియర్, జోజి అంటే జోసఫ్. ఈ సంగతి తెలియని అమ్మాయి ఒకతి మూడేళ్ళ కిందట తన పత్రం చేతికిస్తే "మా నాన్న పేరు పౌల్ అండి, ఇందులో చిన్నప్ప అని ఉంది, ఇది నాది కాదు" అని తిరిగి ఇచ్చేయబోయింది. ఇంటికి వెళ్ళి నాయనమ్మను అడిగి, నవ్వుకుంటూ వచ్చింది. నీ పేరు కూడా బడిలో ఒకటి, గుడిలో ఒకటి ఉంటే పేరు రాయించుకునే రోజే చెప్పు. పదేళ్ళ తర్వాత సరిచేయించుకోవడం కష్టం.

వెనక నిలబడే మనిషి

బిషప్‌గారి ముందుకు వెళ్ళేటప్పుడు నీ భుజం మీద చెయ్యి వేసి, నీకు తోడుగా వెనక ఒక మనిషి నిలబడాలి. ఈ విషయం మీద కాస్త ఎక్కువ రాస్తాను, నా మీద పడ్డ దెబ్బ కనుక.

నాకు పదమూడేళ్ళప్పుడు పల్నాడులో మా ఊళ్ళో భద్రమైన అభ్యంగనం అయింది. మిరపకోతల రోజులు. నా జ్ఞానతల్లి కూలికి పోయి ఆ పూటకు రాలేకపోయింది. ఎవరో ఒకరు వెనక నిలబడాలి కదా అని, పక్క ఊరి నుంచి పూజకు వచ్చిన ఒకావిడను పిలిచి నా వెనక నిలబెట్టారు. బిషప్‌గారి ముందుకు వెళ్ళాక ఆవిడ చెయ్యి నా భుజం మీద పడింది. గరుకు చెయ్యి, గాజులు నా మెడకు చల్లగా తగిలాయి. నేను వెనక్కి తిరిగి చూడలేదు. పూజ అయింది, లడ్డూ పొట్లాలు పంచారు, ఆవిడ వెళ్ళిపోయింది. పేరు కూడా అడగలేదు.

పదేళ్ళకు నా పెళ్ళి కుదిరింది. వివాహానికి ముందే భద్రమైన అభ్యంగనం పొంది ఉండాలని శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, కోరుతుంది, అందుకని పత్రం అడిగారు. ఊరికి వెళ్ళి పుస్తకం తీయిస్తే ఆ ఏటి పిల్లల పేర్లన్నీ ఉన్నాయి, నా పేరు లేదు. రాసేటప్పుడు ఒక వరుస జారిపోయినట్టుంది. కళ్ళారా చూసిన, నమ్మదగిన మనిషి ఒక్కరు వచ్చి సాక్ష్యం చెబితే చాలన్నారు. వెనక నిలబడినావిడ ఎవరో తెలిస్తే ఒక్క పూటలో అయిపోయేది. నాకేమో ఆవిడ గాజుల చల్లదనం తప్ప ఏమీ తెలియదు. చివరికి వరుసలో నా ముందున్న స్నేహితురాలి అమ్మను వెతుక్కుంటూ సత్తెనపల్లి వెళ్ళాం. ఆమె వచ్చి చెబితే అప్పుడు నా పేరు పుస్తకంలోకి ఎక్కింది. పెళ్ళికి ఇంకా పదకొండు రోజులుంది.

కాగితం ఎలాగో వచ్చింది. కానీ దేవుడి ముందు నా భుజం మీద చెయ్యి వేసి "ఈ పిల్లకు నేనున్నాను" అన్నట్టు నిలబడిన మనిషికి నేను ఒక్కసారి స్తోత్రం చెప్పలేదు, ఆవిడా నన్ను మళ్ళీ చూడలేదు. ఆ తర్వాత నేను గుడికి వెళ్ళని సంవత్సరాలు కొన్ని ఉన్నాయి. అప్పుడు "ఏమ్మా, కనబడటం లేదే" అని అడగడానికి నాకంటూ ఒక మనిషి లేకపోయింది. అందుకే నా దగ్గర చదివే పిల్లల్ని మొదటి క్లాసులోనే ఈ మాట అడుగుతాను: నీ వెనక ఎవరు?

నియమాలు ఎక్కువ లేవు. ఆ మనిషికి 16 ఏళ్ళు నిండాలి. కతోలికులై ఉండాలి. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం (కమ్యూనియన్) మూడూ పొంది, విశ్వాసానికి తగ్గట్టు నడుచుకుంటున్నవాళ్ళై ఉండాలి. మీ అమ్మ, మీ నాన్న మాత్రం నిలబడకూడదు. అమ్మమ్మ, పెదనాన్న, పిన్ని, పెద్దక్క, గుడిలో పాటలు పాడే పక్కింటి అన్నయ్య, ఎవరైనా సరే. అమ్మాయికి ఆడమనిషే, అబ్బాయికి మగమనిషే ఉండాలన్న రూలు శ్రీసభ చట్టంలో లేదు, మన దగ్గర అలవాటుగా వస్తోంది అంతే. జ్ఞానస్నానంలో నిన్ను ఎత్తుకున్న జ్ఞానతల్లో జ్ఞానతండ్రో ఇప్పుడు కూడా నిలబడితే మరీ మంచిదని 893వ నియమం చెబుతుంది. వాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నా ముందు వాళ్ళనే అడుగు.

ప్రతి ఏడూ వచ్చే చిక్కు ఒకటుంది. "మా మేనత్త రోజూ తెల్లవారుజామున లేచి బైబిలు చదువుతుందండి, ఆవిడకంటే భక్తిగలవాళ్ళు మా ఇంట్లో లేరు" అంటారు. కానీ మేనత్త పెళ్ళయ్యాక వేరే సంఘానికి వెళుతోంది. అలాంటప్పుడు ఆవిడ వెనక నిలబడటం కుదరదు. ఆఖరి వారంలో తెలిసి ఇంట్లో గొడవలైన సందర్భాలు చూశాను. ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు. నువ్వే వెళ్ళి "అత్తా, నువ్వు నాకోసం ప్రార్థన చెయ్యి, ఆ రోజు ముందు బెంచీలో కూర్చో" అని పిలువు. అలాగే గుడిలో వివాహం కాకుండా కాపురం చేస్తున్నవాళ్ళను అడిగే ముందు ఫాదర్‌గారితో ఒక మాట చెప్పు. వాళ్ళకు అవమానం కలగకుండా ఆయనే దారి చూపిస్తారు.

అడిగేటప్పుడు ఫోన్‌లో అడగొద్దు. ఇంటికి వెళ్ళి అడుగు. మా క్లాసులో పిల్లలకు ఒక వాక్యం నేర్పిస్తాను: "పిన్నీ, నా వెనక నిలబడతావా? తర్వాత నేను గుడికి రావడం మానేస్తే నన్ను అడిగే హక్కు నీకు ఇస్తున్నాను." ఈ మాట విని కళ్ళనీళ్ళు పెట్టుకోని పిన్నిని ఇప్పటివరకు చూడలేదు.

ఏడాది పొడుగునా

మా విచారణలో ఎక్కువగా ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి పిల్లలు ఉంటారు. శ్రీసభ చట్టంలో మంచిచెడ్డలు తెలిసే వయసు రావాలని ఉంది, ఏ తరగతిలో ఇవ్వాలన్నది ఆయా చోట్ల నిర్ణయించుకుంటారు. చిక్కంతా ఇక్కడి చదువులతో వస్తుంది. విజయవాడలో తొమ్మిది, పది తరగతులకు ఆదివారం కూడా స్టడీ అవర్లు పెడతారు. ఒక అబ్బాయి ఎనిమిది వారాలు వరుసగా రాలేదు. అడిగితే బడిలో పంపడం లేదన్నాడు. వాళ్ళ నాన్న వెళ్ళి ప్రిన్సిపాల్‌తో నిదానంగా మాట్లాడితే ఆదివారం పదకొండింటి దాకా వదిలారు. ఆ మాట జూన్‌లోనే మాట్లాడుకోవాలి. జనవరిలో వెళితే "పబ్లిక్ పరీక్షలు వస్తున్నాయి" అంటారు, వాళ్ళ మాటా కాదనలేం. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత తిరునాళ్ళు. ఆ వారం క్లాసు ఉండదు, పిల్లలంతా కొండ దగ్గర యాత్రికులకు మంచినీళ్ళు ఇస్తూ ఉంటారు.

పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వ స్తోత్రం, విశ్వాస సంగ్రహం, ఉత్తమ మనస్తాప జపం, పది ఆజ్ఞలు, ఏడు దివ్యసంస్కారాలు. ఇవి కంఠతా రావాలి. చాలామందికి విశ్వాస సంగ్రహం గుంపుతో కలిసి చెబితే వస్తుంది, ఒక్కరినే చెప్పమంటే "పొంతి పిలాతు" దగ్గర ఆగిపోతుంది. అందుకే ఇంట్లో ఒంటరిగా, గట్టిగా చెప్పి చూసుకో. బైబిల్లో రెండు చోట్లు చదువు. అపోస్తలుల కార్యాల్లో 2వ అధ్యాయం, పెంతెకోస్తు రోజు సంగతి. 8వ అధ్యాయంలో 14 నుంచి 17 వచనాలు. సమరియవాళ్ళు అప్పటికే జ్ఞానస్నానం పొంది ఉన్నారు. పేతురు, యోహాను వెళ్ళి వాళ్ళ మీద చేతులుంచితే పవిత్రాత్మను పొందారు. బిషప్‌గారు మీ ముందుకు వచ్చి చేసేది ఆ పనే. అపోస్తలుల స్థానంలో ఉన్నవారు కాబట్టే మామూలుగా ఈ సంస్కారం ఇవ్వడానికి ఆయనే వస్తారు. ఆయన అనుమతి ఇస్తే గురువులు కూడా ఇవ్వవచ్చు.

పవిత్రాత్మ వరాలు ఏడు: జ్ఞానం, బుద్ధి, ఆలోచన, ధైర్యం, తెలివి, భక్తి, దైవభీతి. యెషయా 11వ అధ్యాయం మొదట్లో వీటి మూలం ఉంది. పాఠం అప్పజెప్పినట్టు ఏడూ గడగడా చెప్పేస్తారు. నేను ఒక్కొక్కరినీ ఒక్క వరం గురించే అడుగుతాను: ఇది నీకు ఎక్కడ కావాలి? పోయినేడు ఒక అమ్మాయి "ఆలోచన" ఎంచుకుంది. పదో తరగతి అయ్యాక ఇంట్లో ఎంపీసీ అంటున్నారు, తనకు నర్సింగ్ మీద మనసు, బైపీసీ కావాలి. ఎవరికీ కోపం రాకుండా ఈ మాట ఎలా చెప్పాలో తెలియడం లేదంది. ఆ ఆదివారం క్లాసులో ఇంకే పాఠమూ చెప్పలేదు. ఇంకో అబ్బాయి ధైర్యం అడిగాడు. వాడి బెంచీలో ఒక పిల్లవాణ్ణి రోజూ ఏడిపిస్తున్నారట, ఆపమని నోరు విప్పలేకపోతున్నాడట. బిషప్‌గారు ప్రసంగం మధ్యలో పిల్లల్ని ప్రశ్నలు అడిగితే, ఇలా ఆలోచించుకున్న పిల్లలు తడబడరు.

వీలైతే ఆఖరి నెలలో ఒక శనివారం తెల్లవారుజామున నీ వెనక నిలబడే మనిషితో కలిసి గుణదల కొండెక్కు. ఎండ ముదరకముందే సిలువ దగ్గరకు చేరాలి. ఎక్కేటప్పుడు జపమాల చెప్పుకోండి, దిగేటప్పుడు మాట్లాడుకోండి. వాళ్ళ భద్రమైన అభ్యంగనం ఎలా జరిగిందో అడుగు. మా అమ్మమ్మ చెప్పేది: వాళ్ళ కాలంలో నూనె ముద్ర అయ్యాక బిషప్‌గారు చెంప మీద మెల్లగా తట్టేవారట, విశ్వాసం కోసం కష్టం వచ్చినా ఓర్చుకోవాలని గుర్తుగా. ఆరవ పౌలు పోపుగారు 1971లో ఈ సంస్కారపు పద్ధతిని సవరించాక ఆ తట్టడం పోయి, శాంతి చెప్పడం వచ్చింది. అమ్మమ్మకు ఎనభై ఏళ్ళు దాటాక కూడా ఆ సంగతి చెప్పేటప్పుడు చెయ్యి చెంప మీదికి పోయేది.

పాపసంకీర్తనం

ముందు రోజు సాయంత్రం పాపసంకీర్తనం, అంటే ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం, ఉంటుంది. దీనికి పిల్లలు నిజంగా భయపడతారు, ముఖ్యంగా తొలి సత్ప్రసాదం తర్వాత మళ్ళీ ఆ పీట దగ్గరకు వెళ్ళనివాళ్ళు. భయం వద్దు. నువ్వు చెప్పింది ఫాదర్‌గారు ఎవరికీ చెప్పరు. మీ అమ్మకు చెప్పరు, నాకు చెప్పరు, బిషప్‌గారికి చెప్పరు, ప్రాణం మీదికి వచ్చినా చెప్పకూడదు. ముందుగా ఒక పది నిమిషాలు మౌనంగా కూర్చో. దేవుడితో, ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో, నీ ఫోన్‌తో ఎలా ఉన్నావో ఒక్కొక్కటీ తలుచుకో. ఫోన్ అని ఊరికే అనలేదు. ఈ కాలపు పిల్లలకు బరువైనవి చాలావరకు అందులోనే ఉంటాయి. ఎలా మొదలుపెట్టాలో మరిచిపోతే "ఫాదర్, నాకు రావడం లేదు, కాస్త అడగండి" అను. ఆయన అడుగుతారు. ఆయన ఇచ్చిన ప్రాయశ్చిత్తం ఇంటికి వెళ్ళాక కాకుండా గుడిలోనే చేసేయి.

బట్టలు, జుట్టు, నుదురు

ఇది నా వృత్తి కాబట్టి చెబుతాను. తెల్లబట్టలే వేసుకోవాలని శ్రీసభ చట్టం లేదు. జ్ఞానస్నానపు తెల్లబట్ట గుర్తుగా మన దగ్గర వేసుకుంటున్నాం. అందుకని వేలకు వేలు పోసి నెట్ గౌన్లు కుట్టించాల్సిన పని లేదు. ఈస్టర్ తర్వాత విజయవాడ ఎండ ఎలా ఉంటుందో తెలుసు కదా. గుడి నిండా జనం, పూజ రెండు గంటలు పడుతుంది. నెట్ గౌను లోపల లైనింగు చెమటకు ఒంటికి అతుక్కుపోయి, పిల్ల బిషప్‌గారి మాట వినడం మాని ఎప్పుడు విప్పేద్దామా అని చూస్తుంది. మంచి కాటన్ తీసుకో. లంగా ఓణీ అయినా, చుడీదార్ అయినా, అబ్బాయిలకు తెల్ల చొక్కా అయినా. భుజం దగ్గర పఫ్ చేతులు, పూసలు, చమ్కీలు వద్దు. నీ వెనక మనిషి కుడిచెయ్యి ఆనేది అక్కడే. పూసల మీద చెయ్యి నిలవదు, జారుతుంది. కొత్తది కొనే స్తోమత లేకపోతే చెప్పు, పోయినేటి పిల్లల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి నా దగ్గర దాచి పెట్టాను. కొలత చూసి సరిచేసి ఇస్తాను, ఎవరికీ తెలియదు.

నుదురు ఖాళీగా ఉండాలి. ముందుకు పడే జుట్టును పిన్నులతో వెనక్కి పెట్టుకో. బొట్టు పెట్టుకునే అలవాటు ఉన్న అమ్మాయిలు ఆ పూట మానెయ్యండి, తైలం పడే చోటు అదే. పౌడరు కూడా వద్దు. పూలు పెట్టుకోండి, మల్లెలు దొరికే కాలమే.

ప్రాక్టీసు రోజు నేను ఒక చిన్న గిన్నెలో కొబ్బరినూనె తెచ్చి, బొటనవేలు ముంచి, ఒక్కొక్కరి నుదుట సిలువ గుర్తు వేసి చూపిస్తాను. మొదటిసారి అందరూ కళ్ళు గట్టిగా మూసుకుని తల వెనక్కి లాక్కుంటారు. రెండోసారికి నిలబడతారు. మూడోసారికి కళ్ళు తెరిచి నా వైపు చూస్తారు. ఆ మూడోసారి వచ్చేదాకా వదలను.

ఆ రోజు

సత్ప్రసాదానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదు. మంచినీళ్ళు, మందులు తీసుకోవచ్చు. ఖాళీ కడుపుతో వచ్చి ఎండకు కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లల్ని చూశాను. పొద్దున్నే రెండు ఇడ్లీలైనా తిని రా, దారిలో నీళ్ళు తాగు. అరగంట ముందే వచ్చి, నీ పేరు రాసిన చీటీ తీసుకుని, నీ వెనక నిలబడే మనిషి పక్కన కూర్చో. స్నేహితుల పక్కన వద్దు.

సువిశేషం (సువార్త) చదివాక ఫాదర్‌గారు మీ అందరినీ బిషప్‌గారికి చూపించి పరిచయం చేస్తారు. ప్రసంగం అవుతుంది. అందరూ లేచి నిలబడతారు. అప్పుడు వస్తాయి ఆ ప్రశ్నలు. వందమంది ఒకేసారి జవాబు చెబుతున్నా చెప్పేది "విశ్వసించుచున్నాను" అని, నేను ఒక్కదాన్నే, ఒక్కణ్ణే అన్నట్టు. పక్కవాళ్ళ గొంతులో నీ గొంతు కలిపేసి పెదవులు ఆడించొద్దు. నీ చెవికి నీ మాట వినబడాలి. ఆ రోజు నేను పెదవులు ఆడించిన పిల్లనే, అందుకే చెబుతున్నాను.

తర్వాత బిషప్‌గారు మీ అందరి మీదా చేతులు చాచి పవిత్రాత్మ కోసం ప్రార్థిస్తారు. గుడి ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. ఫోటోగ్రాఫర్‌ని ఆ నిమిషం ముందుకు రావద్దని మేం చెప్పి ఉంచుతాం, మీ మామయ్యలకు మీరు చెప్పండి.

ఆ పైన ఒక్కొక్కరే ముందుకు. నీ వెనక మనిషి కుడిచెయ్యి నీ భుజం మీద పెడతారు, నీ పేరు చెబుతారు లేదా నువ్వే చెబుతావు. బిషప్‌గారు బొటనవేలు తైలంలో ముంచి నీ నుదుట సిలువ గుర్తు వేస్తారు. ఆ తైలం క్రిస్మా, ఒలీవ నూనెలో బాల్సం అనే సువాసన ద్రవ్యం కలిపినది. పవిత్ర వారంలో గురువులందరూ బిషప్‌గారి చుట్టూ చేరి చేసే పూజలో ఆయన దాని మీద ఊపిరి ఊది, అభిషేకించి పెడతారు. అదే క్రిస్మాతో జ్ఞానస్నానం నాడు నీ తల మీద రాశారు. గురుపట్టం రోజు గురువుల అరచేతులకు రాసేదీ, కొత్త గుడి కడితే బలిపీఠానికి పూసేదీ అదే. దగ్గరకు వచ్చినప్పుడు దాని వాసన తెలుస్తుంది, గట్టిగా పీల్చుకో. దేవుడి వరమైన పవిత్రాత్మ ముద్రను పొందమని నీ పేరు పెట్టి పిలిచి చెబుతారు. "ఆమెన్" అను. నేలచూపులు వద్దు, ఆయన ముఖంలోకి చూసి అను. తర్వాత శాంతి చెబుతారు, ప్రాక్టీసులో నేర్చుకున్న జవాబు చెప్పి పక్కకు జరుగు. మొత్తం ఒక్క నిమిషం కూడా పట్టదు. ఈ ముద్ర జీవితంలో ఒక్కసారే, మళ్ళీ వేయించుకునేది కాదు.

చోటికి వెళ్ళి కూర్చోగానే చేతిరుమాలు తీసి నుదురు తుడుచుకోవద్దు. కారుతుంటే దూదితో అద్దుతాం, ఆ దూదిని తర్వాత కాల్చేస్తాం. మా పిల్లల్లో కొందరు రాత్రి దాకా ముఖం కడుక్కోరు. అది నియమం కాదు, వాళ్ళ ప్రేమ.

ఎక్కువసేపు నిలబడలేని పిల్లలుంటే ముందు రోజే చెప్పండి. బిషప్‌గారే వాళ్ళ కుర్చీ దగ్గరకు వస్తారు.

ఆ తర్వాత

బిరియాని తినడానికి వెళ్ళే ముందు ఆఫీసులోకి వెళ్ళి పుస్తకంలో నీ పేరు, నీ వెనక నిలబడ్డ మనిషి పేరు ఉన్నాయో లేదో నీ కళ్ళతో చూసుకో. తప్పుంటే అక్కడే, అప్పుడే దిద్దించు. వేరే ఊళ్ళో జ్ఞానస్నానం అయినవాళ్ళ సంగతి ఆ ఊరి విచారణకు కూడా తెలియజేయాలి. పంపారా లేదా అని నెల తర్వాత ఒకసారి అడుగు. నీ సర్టిఫికెట్‌ను ఫోన్‌లో ఫోటో తీసి నీ వెనక నిలబడ్డ మనిషికి పంపు, కాగితం పోయినా ఇద్దరి దగ్గర ఉంటుంది.

మరుసటి ఆదివారం మామూలుగానే రెండో పూజకు రా. పూజ అయ్యాక మేడమీద తొలి సత్ప్రసాదం పిల్లల క్లాసు ఉంటుంది, వాళ్ళు ముప్పైరెండు మంది. చాపలు పరవడానికి ఇద్దరు కావాలి, అక్షరాలు కూడబలుక్కునే చిన్నవాళ్ళ పక్కన కూర్చుని మంగళవార్త జపం చెప్పించడానికి ఇంకో ముగ్గురు కావాలి.